కోర్సికా ద్వీపం: కొండ నడకలు, సాహస క్రీడలు

మధ్యధరా సముద్రంలో సిసిలీ, సార్డీనియా, సైప్రస్‌ల తర్వాత నాలుగో పెద్ద ద్వీపం కోర్సికా. 1768లో జెనోవా గణరాజ్యం దీన్ని ఫ్రాన్స్‌కు అప్పగించింది. ఆ మరుసటి ఏడే నెపోలియన్ ఇక్కడి అజాక్సియో పట్నంలో పుట్టాడు. ద్వీపం పొడవు 183 కిలోమీటర్లు, వెడల్పు ఎంత ఎక్కువున్న చోటైనా 83 కిలోమీటర్లే. ఇంత చిన్న నేల మీద మోంతె చింతో శిఖరం 2,706 మీటర్ల ఎత్తుకు లేచింది. మన పశ్చిమ కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయిన ఆనైముడి (2,695 మీటర్లు) కన్నా ఇది పదకొండు మీటర్లు ఎక్కువ. పైగా ఆ శిఖరం నుంచి సముద్రం పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. మే నెలలో పొద్దున మంచు మీద నడిచి, సాయంత్రానికి ఉప్పునీటిలో ఈత కొట్టడం ఇక్కడ కుదిరే పనే.

ద్వీపంలో సెలవులంటే ఇసుక మీద పడక కుర్చీ అనుకుని వచ్చేవాళ్లకు ఇక్కడ మంచి తీరాలకు కొదవ లేదు. అయితే కోర్సికాను తక్కిన మధ్యధరా ద్వీపాల నుంచి వేరుచేసేది లోపలి కొండలే. పడమటి వైపు, దక్షిణాన గ్రానైట్. ఈశాన్యాన పొరలు పొరలుగా విడిపోయే షిస్టు రాయి. రాతిని బట్టి ఆట మారుతుంది. ఎక్కే గోడలు, నునుపైన వాగు గుండాలు, సముద్రపు ఒడ్డున ఎర్రటి రాతి కొమ్ములు గ్రానైట్ వైపు ఉన్నాయి. చెస్ట్‌నట్ తోపులు, గుండ్రటి గుట్టలు, నెమ్మదిగా సాగే నడకలు షిస్టు వైపు.

దారులు ఎవరివి

కోర్సికా జనం శతాబ్దాల పాటు సముద్రానికి వీపు పెట్టి బతికారు. ఉత్తరాఫ్రికా రేవుల నుంచి వచ్చే దొంగ ఓడలు తీర గ్రామాలను దోచి మనుషులను బానిసలుగా ఎత్తుకుపోయేవి. వాటి రాకను కనిపెట్టేందుకు జెనోవా కాలంలో కట్టిన గుండ్రటి రాతి బురుజులు తీరం పొడవునా ఇప్పటికీ కనిపిస్తాయి. తూర్పు మైదానంలో మలేరియా మరో శత్రువు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికన్ సైన్యం డీడీటీ చల్లేదాకా ఆ మైదానంలో వేసవి గడపడానికి ఎవరూ సాహసించలేదు. అందుకే ఊళ్లన్నీ కొండ మధ్యన, ఏటవాలు మీద వెలిశాయి. గొర్రెల, మేకల కాపరులు మాత్రం శీతాకాలం మందలతో తీరానికి దిగి, ఎండలు ముదరగానే ఎత్తు మీది పచ్చికలకు ఎక్కేవారు. ఏటేటా వేల కాళ్లు తొక్కిన ఆ దారులే ఇప్పుడు పర్యాటక పటాల మీద రంగు గీతలయ్యాయి. వాళ్లు వేసవిలో కాపురమున్న రాతి గుడిసెలు కొన్ని నడకదారుల విశ్రాంతి గృహాలుగా మారాయి. మరికొన్నింటిలో కాపరులే ఉంటూ దారిన పోయేవాళ్లకు జున్ను అమ్ముతారు. కోర్సికా సాహస పర్యాటకం గురించి రాసేవాళ్లు తరచూ ఈ సంగతిని అలంకారంగా ఒక వాక్యంలో చెప్పి వదిలేస్తారు. నిజానికి ఈ కాపరి దారుల వల్లే ఇక్కడ ఇంత ఎత్తున, ఇంత లోతున నడక సాధ్యమైంది.

శిఖరాలు మాత్రం కాపరులకు అక్కర్లేనివి. వాటి కోసం బయటివాళ్లు వచ్చారు. 1899 నుంచి 1904 మధ్య ఫెలిక్స్ ఫాన్ క్యూబె అనే వైద్యుడు మళ్లీ మళ్లీ వచ్చి ఇక్కడి పర్వతాలను ఎక్కి, పటాలు గీశాడు. ఆ తర్వాత మిషెల్ ఫాబ్రికాంత్ అనే ఫ్రెంచి పర్వతారోహకుడు గుట్ట గుట్టా తిరిగి మార్గదర్శక పుస్తకాలు రాశాడు. ద్వీపాన్ని వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వెన్నెముక వెంట దాటే ఒకే దారిగా ఆయన రూపుదిద్దినదే జీఆర్ 20.

జీఆర్ 20

1972లో ఈ దారి పూర్తయింది. కోర్సికా ప్రాంతీయ ప్రకృతి ఉద్యానం ఏర్పడిందీ ఆ ఏడాదే. ఉత్తరాన కలెంజానా ఊరి నుంచి దక్షిణాన కొంకా ఊరి దాకా సుమారు 180 కిలోమీటర్లు. సంప్రదాయంగా పదహారు మజిలీలు. పొడవు చూసి తేలిగ్గా తీసుకోవద్దు. మొత్తం మీద పది వేల మీటర్లకు పైగా ఎక్కి, మళ్లీ అంతా దిగాలి. ఒక్కో రోజు నడక ఎనిమిది కిలోమీటర్లే ఉన్నా ఏడు గంటలు పట్టే చోట్లున్నాయి. ఎందుకంటే అది మామూలు అర్థంలో దారి కాదు. బండల మీద వేసిన ఎరుపు, తెలుపు పట్టీలను వెతుక్కుంటూ, రెండు చేతులూ రాతికి ఆనించి పోవాలి. కొన్నిచోట్ల పట్టుకోవడానికి ఇనుప గొలుసులు బిగించి ఉంటాయి. స్పాజిమాతా వాగు మీద ఊగే వంతెన దాటాక వచ్చే నున్నటి చట్రాలు తడిస్తే కాలు నిలవదు.

దారికి నట్టనడుమ విజ్జవోనా దగ్గర రైలు స్టేషను ఉంది. ఉత్తర సగం కఠినం, దక్షిణ సగం కాస్త సులువు. సెలవు తక్కువున్నవాళ్లు అక్కడ రైలెక్కి వెళ్లిపోతారు, లేదా అక్కడే దిగి నడక మొదలుపెడతారు. ఉత్తరాన్నే అసలు జీఆర్ 20గా చెప్పుకుని దక్షిణాన్ని చిన్నచూపు చూసే అలవాటు నడిచేవాళ్లలో ఉంది; అది తగదు. ఇంకుదినె శిఖరం (2,134 మీటర్లు) మీదుగా సాగి బవెల్లా సూదిమొనల మధ్యకు దిగే రెండు రోజులు ఈ మొత్తం ప్రయాణంలో దేనికీ తీసిపోవు. ఉత్తర భాగంలో రాతి నుంచి కంటికి ఊరటనిచ్చేది నినో సరస్సు. 1,743 మీటర్ల ఎత్తున మెత్తటి పచ్చిక, ఆ పచ్చిక మధ్య గిన్నెల్లాంటి నీటి గుంటలు, వాటి చుట్టూ స్వేచ్ఛగా మేసే గుర్రాలు.

రాత్రి బస ఉద్యానం నడిపే విశ్రాంతి గృహాల్లోనే. వాటి దగ్గర గుడారం వేసుకోవచ్చు, అద్దెకూ దొరుకుతుంది. మరెక్కడా గుడారం వేయకూడదు, నిప్పు అసలే రాజేయకూడదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కాపలాదారు ఉంటాడు. ముందుగా బుక్ చేసుకోకపోతే చోటు దొరకదు. సరుకులు కంచరగాడిదల మీదో హెలికాప్టర్‌లోనో వస్తాయి కాబట్టి ధరలు ఎక్కువ. పప్పుగింజల సూపు, పాస్తా, పంది మాంసపు వరుగులు, మేక జున్ను: తిండి సాధారణంగా ఇంతే. మాంసం తిననివాళ్లు ఏ పూటకా పూట అడిగి తెలుసుకోవాలి. మన దేశం నుంచి వెళ్లే శాకాహారులు పొడులు, అటుకుల లాంటి తేలిక సరుకు కొంత వీపున మోసుకెళ్లడం మంచిది.

ఇది ఐరోపాలోకెల్లా కష్టమైన నడకదారి అని పర్యాటక ప్రకటనలు ఊదరగొడతాయి. ఆ మాటను కొలిచే తూకం ఏదీ లేదు. కష్టం కన్నా అసలు ప్రమాదం మధ్యాహ్నపు ఉరుములు. సముద్రపు తేమ కొండలకు తగిలి, వేసవి మధ్యాహ్నాల్లో కళ్ల ముందే మబ్బు పేరుకుంటుంది. తెల్లవారకముందే బయల్దేరి, రెండు గంటలకల్లా మజిలీ చేరడం అక్కడి నియమం. 2015 జూన్ 10న 'సిర్క్ ద ల సొలిట్యూడ్' అనే నిట్టనిలువు కొండ గిన్నెలో వానకు చరియ విరిగిపడి ఏడుగురు చనిపోయారు. గొలుసులు, నిచ్చెనలు పట్టుకుని దిగి ఎక్కే ఆ మజిలీ అప్పటిదాకా మొత్తం దారికే పేరు తెచ్చిన చోటు. ఆ తర్వాత దాన్ని దారి నుంచి తప్పించారు. ఇప్పుడు దారి చింతో భుజం మీదుగా 2,607 మీటర్ల ఎత్తున ఉన్న పాయింట్ దెజ్ ఎబులి గుండా పోతుంది. దీనివల్ల ద్వీపంలో ఎత్తయిన శిఖరం దారికి చేరువైంది; బలముంటే వీపు సంచి అక్కడే దించి పైదాకా వెళ్లి రావచ్చు. ఉరుముల ముప్పు కొండలకే పరిమితం కాదు: 2022 ఆగస్టు 18 పొద్దున వచ్చిన తుపానులో గాలి గంటకు 220 కిలోమీటర్ల వేగం దాటింది. తీరంలో విడిది శిబిరాల మీద చెట్లు కూలి ప్రాణాలు పోయాయి.

పదహారు రోజుల ఈ దారిని ఒక్క దమ్ములో పరిగెత్తేవాళ్ల కథ వేరు. 2009లో కిలియాన్ జోర్నె 32 గంటల 54 నిమిషాల్లో పూర్తిచేశాడు. 2014లో కోర్సికా వాడైన గియోమ్ పెరెత్తి ఆ రికార్డును తన ద్వీపానికి తెచ్చాడు. 2016లో ఫ్రాన్స్వా దెన్ దాన్ని 31 గంటల 6 నిమిషాలకు దించాడు. 2021లో స్థానికుడు లాంబెర్ సాంతెల్లి 30 గంటల 25 నిమిషాలతో మళ్లీ లాగేసుకున్నాడు. మరుసటి ఏడాది ఆన్-లీజ్ రుసే 35 గంటల 50 నిమిషాలతో మహిళల్లో కొత్త రికార్డు నెలకొల్పింది. ద్వీపంలో ఈ సంఖ్యలకున్న గౌరవం ఫుట్‌బాల్ ఫలితాలకేమీ తక్కువ కాదు.

ఊళ్ల మీదుగా పోయే నడకలు

కుటుంబంతో వచ్చినవాళ్లకు, మోకాళ్ల మీద నమ్మకం తగ్గినవాళ్లకు జీఆర్ 20 కన్నా నారింజ రంగు గుర్తుల దారులు మేలు. 'మారె ఆ మారె' పేరుతో ద్వీపాన్ని తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి అడ్డంగా దాటేవి మూడున్నాయి. దక్షిణాన పోర్తో-వెక్కియో నుంచి ప్రోప్రియానో దాకా ఉన్నది ఐదు రోజుల నడక. 'మారె ఎ మోంతి' కలెంజానా నుంచి కార్జేజ్ దాకా పడమటి తీరాన్ని అంటుకుని ఎక్కుతూ దిగుతూ సాగుతుంది, పది రోజులు. ప్రతి రాత్రీ ఏదో ఒక ఊరిలో మంచం, వేడినీళ్లు, ఇంటి వంట దొరుకుతాయి. దారిలో జిరోలాతా అనే రేవు పల్లె వస్తుంది. దానికి మోటారు రోడ్డు లేదు. కాలినడకనో పడవ మీదో చేరాలి. మధ్యాహ్నం పడవలు దించిన జనంతో కిటకిటలాడి, చివరి పడవ వెళ్లగానే ఊరు ఊరివాళ్లకు మిగులుతుంది. అక్కడ పగటి మనిషిగా కాక రాత్రి అతిథిగా ఉండటమే సుఖం.

ఈ దారుల్లో నడిచేవాళ్లు మాకీ అనే పొదల అడవిని ముక్కుతో ముందు గుర్తిస్తారు. సిస్టస్, మర్టిల్, రోజ్‌మేరీ, అడవి పుదీనా కలిసిన వాసన. పైకి పోతే లారిచియో పైన్ అడవి. కోర్సికా నట్‌హ్యాచ్ అనే చిన్న పిట్ట ఆ పైన్‌ల మీదే బతుకుతుంది. లోకంలో మరెక్కడా లేదు.

రాతి మీద, వాగు లోపల

రాక్ క్లైంబింగ్‌కు బవెల్లా కనుమ (1,218 మీటర్లు) కేంద్రం. అక్కడి గ్రానైట్‌ను గాలి, ఉప్పు, తేమ తొలిచి లోతైన గూళ్లు చేశాయి. తాఫోని అనే ఈ గూళ్ల వల్ల నిలువు గోడల మీద కూడా చేతికి పెద్ద పెద్ద పట్లు దొరుకుతాయి. చూపుకు భయపెట్టే గోడ చేతికి స్నేహంగా ఉండటం ఇక్కడి వింత. మరింత అనుభవమున్నవాళ్లు నియోలు లోయలోని పగ్లియా ఓర్బా (2,525 మీటర్లు) మీదికి వెళ్తారు. దాని పక్కనే కాపు తఫునాతు శిఖరం. ఆ కొండకు ఈ పక్క నుంచి ఆ పక్కకు పెద్ద రంధ్రం ఉంది.

కేన్యనింగ్ అంటే వాగు లోపల దాని వెంటే పైనుంచి కిందికి దిగడం: తాడు పట్టుకుని జలపాతం పక్కన జారడం, మడుగులోకి దూకడం, నున్నటి రాతి జారుడు మీద కూర్చుని పోవడం. బవెల్లా కింద పుర్కరాచా, పులిస్కెల్లు, వాక్కా వాగులు దీనికి పేరుపడ్డాయి. మొదటి రెండింటిలో పిల్లలు కూడా శిక్షకుడితో దిగుతారు. మూడోది రోజంతా పట్టే పని. తేలికపాటి సరదాగా అమ్ముడుపోయే ఈ ఆటలో కూడా పై కొండల మీద వాన కురిస్తే కింద ఇరుకు సందులో తప్పించుకునే చోటుండదు. 2018 ఆగస్టు 1న సోచా ఊరి దగ్గరి జోయికు వాగులో ఉన్నట్టుండి వరద వచ్చి ఐదుగురు కొట్టుకుపోయి మరణించారు. ఆకాశం అనుమానంగా ఉంటే డబ్బు తిరిగిచ్చి ఇంటికి పంపే శిక్షకుణ్ణే మంచి శిక్షకుడనాలి.

నదుల్లో కయాక్ వసంతపు ఆట. ఏప్రిల్‌లో మంచు కరుగుతుండగా తావిన్యానో, గోలో, తారావో నదులు ఉరకలేస్తాయి. జూన్‌కల్లా రాళ్లు తేలతాయి. చలికాలంలో కొన్ని చిన్న స్కీ కేంద్రాలున్నా మంచు నమ్మదగ్గది కాదు. ద్వీపాన్ని స్కీల మీద పొడవునా దాటే అల్తా స్త్రాదా మాత్రం ఆరితేరినవాళ్లు ఏళ్ల తరబడి మంచి మంచు కోసం కాచుకుని చేసే యాత్ర.

చక్రాల మీద

రోడ్లు సన్నం, మలుపులు లెక్కలేనన్ని. 1956లో మొదలైన ఇక్కడి మోటారు ర్యాలీకి పది వేల మలుపుల ర్యాలీ అని బిరుదు. సైకిల్ తొక్కేవాళ్లకు ఆ మలుపులే వరం. పియానా దగ్గర ఎర్ర రాతి కొమ్ముల మధ్య సముద్రానికి నాలుగు వందల మీటర్ల పైన సాగే రోడ్డు, ద్వీపంలో ఎత్తయిన రోడ్డు కనుమ అయిన వెర్జియో (1,478 మీటర్లు) ఎక్కడం, ఉత్తరాన వేలులా పొడుచుకొచ్చిన కాప్ కోర్స్ చుట్టూ తిరగడం ముఖ్యమైన మూడు. బాస్తియా నుంచి కాప్ కోర్స్ చుట్టి, కొండల మీదుగా బోనిఫాసియో దాకా సుమారు 600 కిలోమీటర్ల జీటీ 20 అనే సైకిల్ మార్గానికి ఇటీవల గుర్తుల పలకలు నాటారు. జూలై, ఆగస్టుల్లో కార్ల రద్దీ వల్ల దీన్ని సిఫారసు చేయలేం. మే, సెప్టెంబరుల్లో రోడ్డు మీద ఆవులు, పందులు తప్ప పోటీ ఉండదు. అవి పక్కకు జరగవు.

టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం 2013 దాకా ఎన్నడూ ఈ ద్వీపానికి రాలేదు. ఆ ఏడాది నూరో టూర్‌ను ఇక్కడే మొదలుపెట్టారు. తొలి రోజు బాస్తియాలో ఒక జట్టు బస్సు గమ్యపు తోరణం కింద ఇరుక్కుపోయింది. రేసు దగ్గరికి వచ్చేస్తుండగా నిర్వాహకులు గమ్యాన్ని వెనక్కి జరిపి, బస్సు బయటపడ్డాక మళ్లీ యథాస్థానానికి తెచ్చారు. ఆ గందరగోళంలో మార్సెల్ కిట్టెల్ గెలిచాడు. మూడు రోజుల పాటు హెలికాప్టర్ నుంచి ప్రపంచం చూసిన కొండ దృశ్యాలు ఏ ప్రకటనా చేయలేని పని చేశాయి.

గాలి, నీరు

బోనిఫాసియో జలసంధి కోర్సికాకు, సార్డీనియాకు మధ్య సుమారు 12 కిలోమీటర్ల ఇరుకు. పడమటి గాలి రెండు దీవుల కొండల మధ్య గరాటులో పడి వేగం పుంజుకుంటుంది. 1855 ఫిబ్రవరిలో క్రిమియా యుద్ధానికి సైనికులతో వెళ్తున్న సెమియాంత్ అనే ఫ్రెంచి యుద్ధనౌక ఇక్కడి లవెజ్జి దీవుల రాళ్లకు కొట్టుకుని మునిగింది. దాదాపు ఏడు వందల మందిలో ఒక్కరూ మిగల్లేదు. అంత గాలినే ఇప్పుడు విండ్‌సర్ఫింగ్, కైట్‌సర్ఫింగ్ చేసేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. లోతు తక్కువున్న పియాంతరెల్లా నేర్చుకునేవాళ్లకు అనువు; లా తొన్నారా, ఫిగారి అలవాటైనవాళ్లకు. గాలి లేని పొద్దుటి పూట సముద్ర కయాక్‌లో బోనిఫాసియో సున్నపురాతి గోడల కింద తిరగవచ్చు. ఊరు ఆ గోడ అంచు మీద, గాల్లోకి చాచినట్టు నిలబడి ఉంటుంది.

స్కూబా డైవింగ్‌కు నీటి తేటదనం పెద్ద ఆకర్షణ. కల్వీ కోట కింద సుమారు 27 మీటర్ల లోతున 1944లో దెబ్బతిని నీటి మీద దిగిన అమెరికన్ బీ-17 బాంబర్ రెక్కలు చాచి ఉంది. లవెజ్జి దగ్గర మెరువిల్ అనే చోట గోధుమ రంగు గ్రూపర్ చేపలు మనిషికి బెదరకుండా ఎదురొస్తాయి. వాటి వేట ఆపాకే ఆ ధీమా తిరిగొచ్చింది.

ఎంతమందిని రానివ్వాలి

పడమటి తీరంలోని స్కాండోలాను 1975లో నేలా నీరూ కలిపి రక్షిత ప్రాంతం చేశారు. 1983లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. 1970ల్లో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని జంటలకు పడిపోయిన ఆస్ప్రే డేగలు ఇక్కడ మళ్లీ పెరిగాయి. ఆ తర్వాత పర్యాటకుల పడవల మోతకు గూళ్లలో పిల్లలు నిలవడం తగ్గింది. దీన్ని కారణంగా చూపి 2020లో ఐరోపా మండలి స్కాండోలాకు ఇచ్చిన యోగ్యతాపత్రాన్ని పునరుద్ధరించలేదు. దక్షిణాన 1999లో ఏర్పడిన బోనిఫాసియో జలసంధి రక్షిత ప్రాంతం సుమారు 80,000 హెక్టార్లు. అక్కడ గొడవ లంగర్లతో. పోసిడోనియా అనే సముద్రపు గడ్డిని పెద్ద పడవల లంగర్లు పెళ్లగిస్తాయి. అది మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. పెద్ద యాట్‌లు ఆ గడ్డి మీద లంగరు వేయడాన్ని ఫ్రాన్స్ నిషేధించింది. 2022 నుంచి లవెజ్జి దీవులకు, బవెల్లాకు, కోర్తె పట్నం పక్కనున్న రెస్తోనికా లోయకు వేసవిలో రోజుకింత మంది అని పరిమితి పెట్టారు. వ్యాపారులు గొణిగారు. వేసవి రెండు నెలల జనాన్ని వసంతానికి, శరత్తుకు మళ్లించడం తప్ప ఈ ద్వీపానికి వేరే దారి కనిపించదు. నడకకూ సైకిల్‌కూ ఆ రుతువులే మంచివి కూడా.

వెళ్లేవాళ్లకు

అజాక్సియో, బాస్తియా, కల్వీ, ఫిగారిల్లో విమానాశ్రయాలున్నాయి. మార్సెయ్, తూలోన్, నీస్ నుంచి, ఇటలీలోని లివోర్నో నుంచి ఓడలు వస్తాయి. భారతీయులకు ఫ్రాన్స్ ఇచ్చే షెంగెన్ వీసా సరిపోతుంది. బాస్తియా, అజాక్సియోల మధ్య 158 కిలోమీటర్ల మీటర్‌గేజ్ రైలు కొండలను తొలుచుకుంటూ సుమారు నాలుగు గంటలు నడుస్తుంది. కోర్తె, విజ్జవోనాల్లో దిగి నేరుగా అడవిలోకి నడవొచ్చు. వేసవిలో అగ్గి ప్రమాదం ఎక్కువున్న రోజుల్లో కొన్ని అడవులను ఏకంగా మూసేస్తారు. పొద్దున్నే ఆ రోజు పటం చూసుకోవాలి. చాలా లోయల్లో ఫోన్ పలకదు. ఆపదలో 112కు ఫోను చేస్తే కోర్తెలో ఉండే పర్వత పోలీసు దళం హెలికాప్టర్‌లో వస్తుంది, వాతావరణం అనుమతిస్తేనే. జీఆర్ 20 ముగిసే కొంకా నుంచి పోర్తో-వెక్కియోకు వేసవిలో నడిచే షటిల్ వాహనాలకు ముందుగానే చోటు చెప్పుకోవాలి.